ముందు ఆమెకి కంటినిండా నిద్ర

మీరు రాసింది ఇది: గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్లో గుమాస్తా ఉద్యోగం. బాబుకి ఏడేళ్లు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో ఉండకపోవడం), ఫిట్స్‌కి రోజూ మందు. నడవడు, మాటలు రాలేదు. పదేళ్ల పాప ఉంది, మీ అమ్మగారు మీతోనే ఉంటారు. మీ ఆవిడ మూడు నెలలుగా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. చిన్నదానికే బాబు మీద చెయ్యి చేసుకుని, తర్వాత వాణ్ణి పట్టుకుని ఏడుస్తోంది. ధైర్యంగా ఉండమని ఎంత చెప్పినా లాభం లేదు, ఇంకేం చెప్పాలి అని అడిగారు.

కొన్నాళ్లు చెప్పడం ఆపండి. ఏడేళ్లు ఆ బిడ్డని ఒంటి చేత్తో సాకిన మనిషికి ధైర్యం ఎక్కడ తక్కువైంది? నిద్ర తక్కువైంది, ఇంకో జత చేతులు తక్కువయ్యాయి. "ధైర్యంగా ఉండు" అన్నప్పుడల్లా ఆమెకి వినపడేది "ఇదంతా నువ్వే మొయ్యి" అనే. పని చేతులు మారితే మాట దానంతటదే వస్తుంది.

అన్నిటికంటే ముందు, ఈ రోజే, ఒక మాట అడగాలి. పిల్లలు పడుకున్నాక పక్కన కూర్చుని "బతకాలనిపించడం లేదా? చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని సూటిగా అడగండి. "వీణ్ణి కూడా తీసుకుపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని కూడా అడగండి. "నా తర్వాత వీణ్ణెవరు చూస్తారు" అనే భయం ముదిరి, అలసిపోయిన తల్లుల్ని ఆ ఆలోచన వైపు నెట్టడం ఉంది. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని భయపడకండి. అలా పుట్టదు, లోపల ఉన్నది బయటికొస్తుంది, అంతే. అవునంటే తిట్టొద్దు, పాపమనొద్దు, ఒట్టు వేయించుకోవద్దు. ఆమెని, బాబుని ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఉన్న మందులన్నీ, బాబు ఫిట్స్ సీసాతో సహా, మీ దగ్గర తాళంలో పెట్టుకుని వేళకి మీరే తీసివ్వండి. పొలం మందులు ఉంటే ఇంట్లోంచి తీసేయండి. 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, మానసిక ఆరోగ్యం కోసం 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత లైను. రాత్రింబవళ్లూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పరిస్థితి చెయ్యి దాటేలా ఉంటే తెల్లారేదాకా ఆగకుండా గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.

లేదు, అలాంటిదేమీ లేదు అంటే, ఇది అలసటా, డిప్రెషనా అన్నది తేల్చుకోవాలి. రెండు వారాలకు పైగా, రోజులో ఎక్కువసేపు మనసు దిగులుగా ఉండటం, ఇదివరకు ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోవడం, ఈ రెండింట్లో ఒక్కటున్నా డాక్టరుకి చూపించాల్సిందే. బాబు పడుకున్నా ఆమెకి నిద్ర పట్టకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం, అన్నం సయించకపోవడం, అంతా నా వల్లే అనుకోవడం వీటికి తోడవుతాయి. మీరు చెప్పిన మూడు నెలలు, మాట తగ్గడం, చెయ్యి చేసుకోవడం చూస్తే మామూలు అలసటని దాటినట్టే అనిపిస్తోంది. జీజీహెచ్‌లో మానసిక వైద్య విభాగం ఉంది, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ ఉంది. ఓపీ చీటీ ఉదయం రాస్తారు కాబట్టి ఆ పూట సెలవు పెట్టి మీరు కూడా వెళ్లండి, ఆమె ఒక్కదాన్నే పంపకండి. "నీకేదో అయింది పద" అంటే రాదు. "నువ్వు నిద్రపోయి ఎన్నాళ్లయిందో, డాక్టరుని అడుగుదాం పద" అంటే వస్తుంది.

దానికి ముందే ఒక రక్తపరీక్ష చేయించండి: హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బీ12. ఆడవాళ్లకి హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనతే. థైరాయిడ్ తగ్గినా అచ్చం ఇలాగే ఉంటుంది: మందకొడితనం, ఏడుపు, విసుగు. పిల్లాడికి తినిపించాక మిగిలింది నిలబడి తినే తల్లికి ఈ రెండూ ఉండటం మామూలే, అవి సరిచేయకుండా మనసు కుదుటపడటం కష్టం.

డాక్టరు డిప్రెషన్‌కి మాత్రలు రాస్తే, పనిచేయడం తెలిసేది రెండు నుంచి నాలుగు వారాలకి. మొదటి వారం కాస్త వికారం, తలనొప్పి ఉండొచ్చు. చాలామంది అక్కడే ఆపేసి "మాకు పడలేదు" అంటారు. ఇంకొందరు బాగుందనిపించగానే ఆపేస్తారు, మూడు నెలలకి మళ్లీ మొదటికొస్తుంది. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించమంటారు, ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఇవి అలవాటు పడే మందులు కావు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలు అలవాటు పడతాయి. వాటి జోలికి పోవద్దు.

ఇక నిద్ర. ఆమెకి రోజూ కనీసం నాలుగున్నర, ఐదు గంటలు మధ్యలో మెలకువ రాని నిద్ర కావాలి. గంటకోసారి లేస్తూ మంచం మీద ఎనిమిది గంటలున్నా అది లెక్కలోకి రాదు. రాత్రిని రెండు ముక్కలు చేయండి. తొమ్మిదిన్నర నుంచి రెండింటి దాకా బాబు బాధ్యత మీది, ఆ తర్వాత ఆమెది. సీజన్‌లో మీరు తొమ్మిదింటికి ఇల్లు చేరతారు కాబట్టి ఇది కుదురుతుంది. సెలవు ముందు రోజు రాత్రి మొత్తం మీదే. ఆ సమయంలో ఆమె వేరే గదిలో, తలుపు వేసుకుని పడుకోవాలి. ఒకే గదిలో పడుకుంటే వాడు మూలిగిన ప్రతిసారీ మీకంటే ముందు ఆమె లేస్తుంది.

మొదటి వారం ఆమె తలుపు తీసుకుని వచ్చేస్తుంది. మీ మీద నమ్మకం లేక కాదు, వాడికి ఫిట్స్ వస్తే ఏం చేయాలో ఇంట్లో తెలిసింది తనొక్కదానికే కాబట్టి. ఈ విషయం మీకు బాగా ఎక్కాలి. మీరు నేర్చుకోనంత కాలం ఆమెకి నిద్ర రాదు. నేర్చుకోండి: ఫిట్స్ మొదలవగానే గడియారం చూడాలి. వాణ్ణి ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటిది పెట్టి, మెడ దగ్గర బొత్తాలు విప్పాలి. నోట్లో చెంచా, గుడ్డ, వేలు ఏదీ పెట్టకూడదు. చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఏ లాభమూ లేదు. కొట్టుకుంటున్న కాళ్లూ చేతులూ అదిమి పట్టకూడదు. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. డాక్టరు ఫిట్స్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే రాసి ఉంటే, ఎన్నిసార్లు కొట్టాలో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించండి. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్లు కూడా పట్టకూడదు. ఇది ఆమె ఎదురుగా, దిండు పెట్టి రెండుసార్లు చేసి చూపించండి. మీకు వచ్చని ఆమె కళ్లతో చూసిన రాత్రి పడుకుంటుంది.

వాడు రాత్రిళ్లు ఎందుకు లేస్తున్నాడో కూడా చూడాలి. ఒక నోటు పుస్తకంలో ఏడు రాత్రులు రాయండి: లేచిన టైము, ఎంతసేపు, ఏం చేస్తే పడుకున్నాడు. మలబద్ధకం, కాళ్లు బిగుసుకుని లాగడం, పుచ్చుపన్ను, తిన్నది గొంతులోకి ఎగదన్నడం, ఇవే ఎక్కువగా కారణాలు. మాట రాని బిడ్డ వీటిని ఏడుపుతోనే చెబుతాడు. ఒకే తీరుగా ఒళ్లు ఉలిక్కిపడుతుంటే ఫోన్లో వీడియో తీయండి, ఫిట్స్ కావచ్చు. ఆ పుస్తకం, వీడియో పిల్లల డాక్టరు ముందు పెడితే, "సరిగ్గా నిద్రపోవట్లేదండీ" అన్న మాట కంటే చాలా పని చేస్తాయి.

పగటి పనిలో మీరు తీసుకోవాల్సింది ఉదయం టిఫిన్. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లాడికి ఒక పూట తినిపించడానికి ముప్పావు గంట పడుతుంది, మూడు పూటలకి రెండు గంటల పైమాట. రోజుకో పూట మీరు తీసుకున్నా అది ఆమెకి దొరికిన ముప్పావు గంట. కానీ పద్ధతి తెలియకుండా కూర్చుంటే వాడికి పొలమారుతుంది, ఆమె పరుగెత్తుకొచ్చి చెంచా లాక్కుంటుంది, మీరు మళ్లీ ఎప్పుడూ కూర్చోరు. చాలా ఇళ్లలో జరిగేది అదే.

వాణ్ణి నిటారుగా కూర్చోబెట్టాలి. తల వెనక్కి వాలకుండా, గడ్డం కాస్త కిందికి ఉండాలి. మీరు వాడి కళ్లకి సమానమైన ఎత్తులో ఎదురుగా కూర్చోవాలి. నిలబడి తినిపిస్తే వాడు తల పైకెత్తుతాడు, అప్పుడే గొంతుకి అడ్డం పడేది. ఇడ్లీని పప్పుకట్టులో ఉండల్లేకుండా, చెంచా వంచితే జారకుండా నిలిచేంత చిక్కగా మెదపండి. పల్చటి నీళ్లకే ఎక్కువ పొలమారుతుంది. అరచెంచా తీసుకుని నాలుక మధ్యలో ఆనించి, కొద్దిగా అదిమి, వాడు పెదాలు మూసేదాకా ఆగి, నేరుగా వెనక్కి తీయాలి. పైపళ్లకి రాసి గీకి తీయకూడదు. మింగాడని చూశాకే రెండో చెంచా. దగ్గినా, కళ్ల నీళ్లు వచ్చినా, గొంతు తడితడిగా గురగురలాడినా ఆపేయండి. తిన్నాక అరగంట నిటారుగానే ఉంచాలి. తరచూ ఇలా అవుతున్నా, జలుబూ దగ్గూ మాటిమాటికీ వస్తున్నా డాక్టరుకి చెప్పాలి, ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతూ ఉండొచ్చు.

మిర్చి పని వాళ్లకి ఇంకో మాట. ఘాటు చేతులకి, చొక్కాకి పట్టి ఉంటుంది. వట్టి నీళ్లతో పోదు. చేతులకి కాస్త వంటనూనె రాసి రుద్ది, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. యార్డు బట్టలు గుమ్మం దగ్గరే విడిచి, స్నానం చేశాకే వాణ్ణి ఎత్తుకోండి. ఆ దుమ్ముకి వాడు దగ్గడం మొదలుపెడితే ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర ఉండదు.

ఎత్తడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆమె నడుము ఈపాటికి పట్టేసి ఉంటుంది. నొప్పితో ఉన్న మనిషికి ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? వాడి కాళ్లు కత్తెరలా బిగుసుకున్నప్పుడు అలాగే లాగి ఎత్తితే ఇంకా బిగుస్తాయి. ముందు మోకాళ్లు, తుంటి మడిచి, కూర్చున్నట్టుగా ముడుచుకునేలా చేయండి. బిగువు సడలుతుంది. అప్పుడు మీ మోకాళ్లు వంచి, వాణ్ణి ఛాతీకి ఆనించుకుని, కాళ్ల బలంతో లేవండి. నడుము వంచి, చేతులు చాచి ఎత్తకూడదు. స్నానానికి కింద పీట మీద కూర్చోబెట్టే బదులు వాలు ఉన్న ప్లాస్టిక్ కుర్చీ వాడితే రోజుకి రెండు ఎత్తడాలు తప్పుతాయి. ఇంకో రెండేళ్లకి వాడు ఇంకా బరువెక్కుతాడు, ఇప్పుడే అలవాటు చేసుకోండి.

చెయ్యి చేసుకోవడం గురించి. మీరు ఆమెని నిలదీయొద్దు, చూసీ చూడనట్టూ ఊరుకోవద్దు. ఎక్కువగా ఏ వేళలో జరుగుతోందో చూడండి. సాయంత్రం నాలుగు నుంచి ఏడు మధ్య, పాప బడి నుంచి వచ్చి, వంట మొదలై, వాడు ఏడుపు అందుకునే వేళలోనే అయి ఉంటుంది. ఆ మూడు గంటలకి ఒక మనిషి కావాలి. మీ అమ్మగారు ఎత్తలేకపోయినా, వాడి పక్కన కూర్చుని పాట పాడగలరు కదా, ఐదింటి నుంచి ఆరింటి దాకా అది మీ అమ్మగారి పని అనుకోండి. రాత్రి వంట ఉదయమే సగం అయిపోవాలి, లేదా కూర బయట కర్రీ పాయింట్ నుంచి రావాలి. అందులో తప్పేం లేదు.

చెయ్యి లేవబోతోందని తెలిసిన క్షణానికి ఒక దారి ముందే అనుకుని ఉంచుకోండి. వాణ్ణి నేల మీద చాప మీద పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఆమె బాల్కనీలోకి వెళ్లి, మొహం కడుక్కుని, ఐదు నిమిషాలు అక్కడే ఉండాలి. క్షేమంగా పడుకున్న బిడ్డ ఐదు నిమిషాలు ఏడిస్తే ఏమీ కాదు. మీకు "రా" అని ఒక్క అక్షరం మెసేజ్ పెట్టాలి. అది వస్తే మీరు ఎందుకు, ఏమైంది అని అడక్కూడదు. వెళ్లాలి, లేదా పావుగంటలో చేరగలిగిన మనిషిని పంపాలి. పక్కింటావిడ, మీ చెల్లెలు, పాప ట్యూషన్ టీచరు, ఎవరైనా ముగ్గుర్ని ముందే అడిగి ఒప్పించి ఉంచండి. సీజన్‌లో మీరు కాటా దగ్గర నుంచి కదల్లేకపోతే ఆ ముగ్గురే దిక్కు.

మీ అమ్మగారు "మా వంశంలో ఎవరికీ లేదు" అంటున్నారని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. అది చిన్న విషయం కాదు. ఆ మాటకి అడ్డుపడాల్సింది కొడుకే, కోడలు కాదు. "అమ్మా, కడుపులో ఉండగానో, కాన్పులోనో, పుట్టిన కొత్తలోనో మెదడుకి దెబ్బ తగిలితే వచ్చేది ఇది. గ్రహణం వల్లా కాదు, నీ కోడలి వల్లా కాదు. ఇంకోసారి ఆ మాట మా ఇంట్లో వద్దు" అని మీ ఆవిడ వింటుండగా చెప్పండి. చాటుగా చెబితే మీ అమ్మగారికి తెలుస్తుందేమో గానీ, మీ ఆవిడకి తెలియదు. మేనరికం అయితే కొన్ని జన్యు జబ్బుల అవకాశం పెరుగుతుంది, నిజమే. అది ఇద్దరికీ చెందిన విషయం, తల్లి ఒక్కదానిది కాదు.

బాగైనట్టే ఉండి జూన్‌లో బళ్లు తెరిచినప్పుడో, తోటి పిల్లల పుట్టినరోజుకో ఆమె మళ్లీ కుంగిపోతే కంగారు పడకండి. 1962లోనే అమెరికాలో సైమన్ ఓల్షాన్‌స్కీ అనే ఆయన, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల తల్లిదండ్రుల దుఃఖం ఒకసారి వచ్చి పోయేది కాదని, జీవితాంతం వస్తూ పోతూ ఉండటం సహజమని, దాన్ని జబ్బుగా చూస్తూ "ఒప్పేసుకోండి" అని తొందరపెట్టొద్దని రాశాడు. ఆ రోజుల్లో ఆమెని ఏడవనివ్వండి, పక్కనుండండి. రెండు వారాలు దాటినా తేరుకోకపోతేనే మళ్లీ డాక్టరు.

థెరపీల భారం కూడా తగ్గించాలి. ఇంటి దగ్గర చేయమని ఎనిమిది, పది వ్యాయామాలు రాసిస్తారు. అన్నీ చేయలేక, చేయలేదన్న తప్పు భావనతో తల్లి నలిగిపోతుంది. ఫిజియోథెరపిస్టుని "వీటిలో మానకూడని రెండు ఏవి?" అని అడగండి. వాటిని స్నానంలో, బట్టలు మార్చేటప్పుడు కలిపేయండి. స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తామంటూ లక్షలు అడిగే చోటికి అప్పు చేసి వెళ్లకండి. ఆటిజానికి ఆ చికిత్స సిఫార్సు చేయడం లేదని 2022 డిసెంబరులో జాతీయ వైద్య కమిషన్ కమిటీ తేల్చింది. సెరిబ్రల్ పాల్సీకీ అది నిరూపణ అయిన వైద్యం కాదు. అప్పు అయ్యాక ఇంట్లో పడే గొడవలు ఆమె మనసు మీదే పడతాయి.

కాగితాల పని పూర్తిగా మీది. వైకల్యం ఎంతో డాక్టర్లు తేల్చి ఇచ్చే సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం, ఆపైన ఉంటే రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసా కింద నెలకి 6,000 రూపాయల పింఛను వస్తుంది. ఆ సర్టిఫికెట్ పరీక్షకి స్లాటు సచివాలయంలో గానీ మీసేవలో గానీ బుక్ చేసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమాలో సెరిబ్రల్ పాల్సీ ఉంది, ఏడాదికి లక్ష దాకా వైద్యం, థెరపీ ఖర్చులు తిరిగి రాబట్టుకోవచ్చు. ప్రతి బిల్లూ ఒక కవర్లో దాచండి. బిల్లులు పోగొట్టుకునే చాలామంది నష్టపోతున్నారు. మండలంలో ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వ భవిత కేంద్రం ఉంటుంది, బడికి రాలేని పిల్లల ఇంటికే టీచరు వచ్చే ఏర్పాటు కూడా ఉంది, మండల విద్యాధికారి (ఎంఈఓ) కార్యాలయంలో అడగండి. వాడు వారంలో రెండు పూటలు భవితలో ఉంటే ఆ రెండు పూటలూ ఆమెవి. ఆ టైములో ఇల్లు తుడవమని కాదు.

నెలకో ఆదివారం ఆమె పుట్టింటికి వెళ్లాలి, పిల్లలు లేకుండా. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే ఆమెకి ప్రయాణం ఉచితం, కాబట్టి ఖర్చు అడ్డం కాదు. మొదటిసారి పది ఫోన్లు చేస్తుంది. ప్రతిసారీ ఎత్తి, తిన్నాడు, పడుకున్నాడు అని చెప్పండి. పాపతో ఆ పూట మీరు అరగంట విడిగా కూర్చోండి. తమ్ముడి వల్ల తనని పట్టించుకోవట్లేదని ఆ వయసు పిల్లలు పైకి అనరు.

మీ సంగతీ అడగాలి. యార్డులోనే ఎక్కువసేపు ఉండిపోవాలనిపిస్తోందా, మందు పెరిగిందా, ఇంటికొస్తూ గుమ్మం ముందు బండి ఆపి కాసేపు అలాగే కూర్చుంటున్నారా? అదీ అదే బాధ, ఇంకో రూపం. 14416 మీకూ పనిచేస్తుంది.

ఇదంతా ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ వారం రాత్రి షిఫ్టు, డాక్టరు. వచ్చే వారం టిఫిన్. మిగతావి ఎండాకాలంలో యార్డుకి సెలవులిచ్చినప్పుడు నేర్చుకోవచ్చు.

"మా తర్వాత ఎవరు" అన్న ప్రశ్నకి చట్టంలో ఒక దారి ఉంది. వాడికి పద్దెనిమిదేళ్లు నిండాక, 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. అది ఇంకా పదకొండేళ్ల మాట. ఇప్పుడు చేయగలిగింది ఒక నోటు పుస్తకం. వాడికి ఏ పక్క పడుకుంటే హాయి, ఆకలైతే ఎలా అరుస్తాడు, కడుపునొప్పికి ఎలా, ఏ పాటకి నవ్వుతాడు, మందు దేంట్లో కలిపితే ఉమ్మేయడు. రాయడానికి కూర్చుంటే సగం మీకు తెలియవని తేలుతుంది. ఆమెని అడగండి. ఆమె చెబుతుంటే మీరు రాయండి.